వానను తరిమే ఉద్యోగం

రంజాన్‌కు ఒక రోగం ఉండేది. కదిరి స్టేషన్లో రైలు దిగగానే అది తలకెక్కేది. బెంగుళూరు విమానాల షెడ్డులో ఉన్నన్నాళ్లూ అతను అందరికంటే కింది మెకానిక్కు. నిచ్చెన పట్టుకోమంటే పట్టుకునేవాడు, బకెట్టు అందుకోమంటే అందుకునేవాడు, తిడితే తల దించుకునేవాడు. సొంత గడ్డ మీద కాలు పెట్టాడా, మెడ దానంతట అదే నిక్కేది, నడక మారేది, నోట్లోంచి 'నా విమానం' అన్న మాట దొర్లేది. రాత్రి పడుకున్నాక పగలు కోసిన కోతలన్నీ గుర్తొచ్చి, దుప్పటి మొహం మీదికి లాక్కుని సిగ్గుపడేవాడు. తెల్లారితే మళ్లీ మామూలే. కుక్కతోక వంకర అన్న సామెత తన లాంటి వాణ్ణి చూసే పుట్టించి ఉంటారని అతని నమ్మకం.

కొత్త పైసలు చెలామణిలోకి వచ్చిన మరుసటి ఏడు అతను పదిరోజుల సెలవు మీద ఊరికొచ్చింది పెళ్లి సంబంధం తేల్చుకోవడానికి. పిల్ల పరాయిది కాదు, మేనమామ కూతురు ఫాతిమాబీ. మేనమామ పోయి ఆరేళ్లయింది. ఆయన భార్య దాదాబీ ఆరెకరాల మెట్టచేను తానే దున్నించుకుని, విత్తించుకుని, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా కూతుర్ని పెంచింది. రంజాన్ తల్లి మస్తానాబీ ఆ పిల్లను ఉయ్యాల్లో ఉన్నప్పుడే కోడలనుకుంది. రంజాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పిల్లను తప్ప ఇంకెవరినీ తన పక్కన ఊహించుకోలేడు. దాదాబీ మాత్రం ఇంకా సరే అనలేదు. "చూస్తాం లే వదినా, పిల్లోడు రానీ, మాట్లాడి చూస్తా" అని మాత్రమే అంది. ఆమె 'చూస్తాం' అన్నదంటే నిజంగానే చూస్తుంది. అదే రంజాన్ భయం.

అంత భయం ఉన్నవాడు నోరు అదుపులో పెట్టుకోవాలి కదా. వచ్చిన సాయంత్రమే రోడ్డు మీది టీ అంగట్లో కూర్చున్నాడు.

తిప్పన్న అక్కడే ఉన్నాడు. ఊళ్లో నలుగురూ మాట వినే రైతు. మాట పెళుసు, మనసు మెత్తన. గ్లాసులో టీ ఊదుకుంటూ అడిగాడు.

"ఏమప్పా రంజానూ, ఆ ఇమానంలో నీ పనేంది? తోలేదా?"

తోలను మామా, అతుకులేస్తాను అంటే అక్కడితో పోయేది. రోగం ఊరుకోనివ్వలేదు.

"తోలేటోడు తోల్తాడు మామా. ఆ తోలేటోని పానం నా చేతిలో ఉండాది. పైన వాన, మంచు. ఆ రెండూ నా ఇమానాన్ని ముట్టుకోకుండా చూసేది నేనే."

"వాన ముట్టుకోదా?"

"నా ఇమానం ముందర వాన యాడ నిలుస్తాది? మందు చల్లితే మంచు పరుగో పరుగు. రెక్కలు ఒక్కసారి ఉబ్బినాయంటే రాయి మాదిరి గడ్డ గూడా తునాతునకలు. హైదరాబాదు నుంచి బెంగుళూరికి దినామూ పొద్దున మీ నెత్తి మీద పోతాది చూడు, దానికీ నేనే."

అంగట్లో ఉన్న పదిమందీ నోళ్లు తెరిచారు. ఎదుటివాడు నోరు తెరిస్తే రంజాన్ తన నోరు మూయలేడు. ఇంకో గంటసేపు ఎడాపెడా చెప్పాడు. ఆ ఊరు వాన మొహం చూసి మూడేళ్లవుతోందని, నెలరోజుల కిందట పడిన నాలుగు చినుకులకు ఆశపడి అందరూ శెనక్కాయ విత్తేశారని, మొలకలు వాడిపోతున్నాయని, రెండు రోజులుగా ఊరంతా వాన కోసం మొక్కుతోందని తల్లి ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పింది. విన్నాడు కూడా. వానకు మొహం వాచిన ఊళ్లో కూర్చుని వానను తరిమేస్తానని చెప్పుకునే తెలివైనవాడు జిల్లా మొత్తానికి తానొక్కడేనని తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

మరుసటి పొద్దున వాన నమాజు మూడో రోజు. ఊరి పడమర బీట్లో జనం చేరారు. అంతకు ముందువారం రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోశారు, దానికి వాన పలకలేదు. ఇక సాయిబుల నమాజే దిక్కని హిందువులూ వచ్చి వరసల వెనక నిలబడ్డారు. గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీసి తోలుకొచ్చారు. అవి అరుస్తుంటే పైవాడికి జాలి పుడుతుందని. వాన నమాజుకు ఇంకో ఆనవాయితీ ఉంది. చొక్కాలు తిరగేసి తొడుక్కోవాలి. దువా అడిగేటప్పుడు అరచేతులు నేలకేసి, చేతుల వీపు ఆకాశానికి పెట్టాలి. ఉన్న స్థితి తిరగబడాలి, ఎండ పోయి వాన రావాలి అని దాని భావం. తిప్పన్న కూడా చొక్కా తిరగేసుకుని వచ్చాడు. లోపలి జేబు సంచి బయట వేలాడుతోంది.

నమాజు చేయించే ఖాసిం సాబ్ రంజాన్‌ను చూసి ఆగాడు. "అబ్బీ, చొక్కా తిరగేసుకో."

"తిరగేస్తాలే చిన్నాయనా."

తిరగేయలేదు. ఎందుకంటే అది షెడ్డులో ఇచ్చిన ఖాకీ చొక్కా. జేబు మీద ఎర్రదారంతో రెక్కల బొమ్మ కుట్టి ఉంది. దూరంగా గట్టు మీద ఆడవాళ్ల మధ్య దాదాబీ, పక్కన ఫాతిమాబీ నిలబడి ఉన్నారు. తిరగేస్తే ఆ బొమ్మ లోపలికి పోతుంది. లోపలికి పోయిన బొమ్మ వల్ల రంజాన్‌కు ఏం లాభం?

నమాజు అయింది. ఖాసిం సాబ్ దువా మొదలుపెట్టాడు. అప్పుడు పడమర కొండ పైనుంచి ఒక మబ్బు లేచింది. ముందు పిడికెడంత, తర్వాత పందిరంత. అడుగున కాస్త నలుపు కూడా ఉంది. తిప్పన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. మబ్బు నెమ్మదిగా కదిలి సరిగ్గా ఊరి మీదికి వచ్చింది.

ఉత్తరం నుంచి బొంయ్‌మని మోత వినిపించింది.

హైదరాబాదు విమానం. రోజూ పోయే దారినే పోతోంది. మబ్బులో ఒక పక్క దూరి ఇంకో పక్క తేలింది. అది అటు పోయిందో లేదో మబ్బు రెండు ముక్కలైంది. ముక్కలు పలచబడ్డాయి. రంజాన్ నాయన పీరాసాబ్ బతికున్నన్నాళ్లూ ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. అచ్చం ఆయన ఏకినట్టే మబ్బు పింజలు పింజలై, చూస్తుండగానే నీలంలో కలిసిపోయింది. అది పైగాలికి చెదిరిందని రంజాన్‌కు తెలుసు. ఆ ఒంటి మబ్బుకు చెదరడానికి విమానం అక్కర్లేదు. కానీ జనం తలలు మబ్బు నుంచి విమానం వైపు తిరిగాయి. విమానం కనుమరుగయ్యాక ఆ తలలన్నీ కలిసి రంజాన్ జేబు వైపు తిరిగాయి. రెండువందల తిరగేసిన చొక్కాల మధ్య సరిగ్గా తొడుక్కున్న చొక్కా అదొక్కటే. దాని మీద రెక్కలు.

తిప్పన్న దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, నిన్న నువ్వు చెప్పిన ఇమానమే కదా అది?"

అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. రెండు తగిలించి ఉంటే రంజాన్‌కు హాయిగా ఉండేది.

మధ్యాహ్నానికి మస్తానాబీ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. దాదాబీ మాట తేల్చేసిందట. "వానను తరిమేటోనికి పిల్లనిచ్చి, నా చేన్లో నేనే మన్ను కొట్టుకోవాల్నా అనింది రా. సంబంధం మరిసిపోండి అనింది."

రంజాన్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నేను తరిమేది యాడిది మా? నా పనే అది కాదు."

"ఆ మాట పోయి ఆమెకు చెప్పు. టీ అంగట్లో గంటసేపు వాగితివే, ఈడికొచ్చి ఏడుస్తాండావు."

"నిజం చెప్తే పరువు పోతాది."

"ఉంటే కదరా పోయేకి!" అంది తల్లి.

దాదాబీ ఇంటికి పోయేసరికి వాకిట్లో తిప్పన్న, ఖాసిం సాబ్ అప్పటికే కూర్చుని ఉన్నారు. సంబంధం సంగతి ఊరి సంగతైపోయింది. దాదాబీ పొద్దున సంగటి వండిన కుండను ముందేసుకుని తోముతోంది. తలెత్తలేదు. వెనక తలుపు సగం మూసి ఉంది. దాని సందులోంచి పచ్చగాజులు కనిపిస్తున్నాయి.

"అత్తా, నేను వానను తరమను" అన్నాడు రంజాన్. "వాన మీద మాకు ఏ అధికారమూ ల్యాదు. ఇమానం మీద పడింది దులుపుకుంటాం, అంతే."

"ఎట్లా దులుపుకుంటాది? చేతులుండాయా దానికి?"

అడిగింది కదా అని రంజాన్ కింద గొంతుక్కూర్చున్నాడు. షెడ్డులో ఇంజినీరు చెప్పిన పాఠం మొత్తం అతనికి కంఠతా వచ్చు.

"పైకి పోయే కొద్దీ చలి అత్తా. శానా పైన మబ్బులో నీళ్లుంటాయే, అవి మంచు కంటే చల్లగుంటాయి, అయినా గడ్డ కట్టవు. ఏదన్నా తగిలితే కడదామని కాసుకోనుంటాయి. ఇమానం పోయి తగిల్తే ఆ నిమిషంలోనే రెక్క ముందంచుకు గడ్డ కట్టుకుంటాయి. రెక్క నున్నగా ఉంటేనే గాలి దాన్ని పైకి మోస్తాది. గరుకు గడ్డ పట్టిందంటే మొయ్యదు. బరువెక్కి కిందికి జారతాది. అందుకని ఆ అంచుకు నల్లరబ్బరు తొడుగు ఏసింటాం. దాంట్లో గొట్టాలుంటాయి. గాలి కొడితే రబ్బరు ఉబ్బుతాది, పైనున్న మంచు పగిలిపోతాది, ఎదురుగాలికి ఎగిరిపోతాది."

"పట్టీపట్టకముందే గాలి కొడితే పోదా? గడ్డ కట్టేదాకా చూస్తా కూచునేదెందుకు?" దాదాబీ మొదటిసారి తలెత్తింది.

"అదే కిటుకు." రంజాన్ కుండ వైపు చూపించాడు. "సంగటి కుండ దించినెంబడే గీకితే ఏమైతాది?"

"అంటుకోనుంటాది. ఇంగా పూసుకుంటాది."

"కొంచేపు ఆరనిస్తే?"

"పెచ్చు మాదిరి లేసొస్తాది."

"ఇదీ అంతే. పల్చగా ఉన్నప్పుడే తొందరపడి గాలి కొడితే మంచు పగలదు. రబ్బరుతో పాటే సాగి, పైన డొప్ప మాదిరి నిలబడిపోతాది. మళ్లా లోపల రబ్బరు ఎంత ఉబ్బినా దానికి తగల్దు. కాలంగుళమో అరంగుళమో మందం కట్టినాక ఒక్కసారి కొట్టాల."

"ఈ మాత్రానికి మీకు పుస్తకాలు, పాఠాలు కావాల్నా" అంది దాదాబీ. అయితే ఆ గొంతులో ఇందాకటి కరుకు లేదు.

రంజాన్‌కు ధైర్యం వచ్చింది. ముందు తిరిగే పంకాలకు బొడ్డు దగ్గర సారాయి లాంటి మందు వదులుతారని, పంకా తిరిగే జోరుకు అది చివరిదాకా పాకి మంచును అంటనీయదని చెప్పాడు. అదే మందును ముందు అద్దం మీదా చిమ్ముతారని, వాన నీళ్లు తుడవడానికి అద్దానికి రెండు పుల్లలు అటూ ఇటూ ఆడతాయని చెప్పాడు. ఇదంతా విమానం తన ఒళ్లు తాను కాపాడుకోవడమే, మబ్బు జోలికి పోయేది ఇందులో ఏదీ లేదు అన్నాడు. తిప్పన్న సారాయి మాట దగ్గర చెవులు రిక్కించాడు.

"అరంగుళం మంచు అంటివే" అంది దాదాబీ తాపీగా. "కట్టినప్పుడు ఎట్లుంటాది? తెల్లగుంటాదా, అద్దం మాదిరి ఉంటాదా? నువ్వు చూసినావు కదా."

అబద్ధం నాలుక చివర తయారుగా ఉంది. కాశ్మీరుకు పోయొచ్చిన డకోటా విమానం, రెక్కల నిండా వెండిలాగా మెరిసే గడ్డ, దాన్ని తాను సుత్తితో కొట్టి రాల్చడం. కిందటి సెలవులో ఇదే కథను కదిరి బస్టాండులో చెప్పాడు కూడా. తలుపు సందులో గాజులు కదలకుండా ఆగిపోయాయి. ఆ పిల్ల కూడా జవాబు కోసం చూస్తోందని అతనికి అర్థమైంది. ఈ అబద్ధం చెప్పి పిల్లను తెచ్చుకుంటే బతికినన్నాళ్లూ ఇంట్లో కూడా ఇంజినీరు వేషం వేసుకునే తిరగాలి.

"చూడల్యా అత్తా" అన్నాడు.

"ఏమి?"

"నాలుగేండ్లాయ పనిలో చేరి. ఒక్కదినం గూడా రెక్క మీద మంచు చూడల్యా. మా దిక్కు తిరిగే ఇమానాలు అంత పైకి పోవు, మంచు పట్టదు. ఎప్పుడన్నా చలికాలం ఉత్తరానికి పోయే వాటికి పట్టొచ్చు, అవి మా షెడ్డుకు వచ్చేపాటికి కరిగిపోయింటాది. మంచుగడ్డను నేను చూసింది సోడా అంగట్లో, రంపప్పొట్టులో పెట్టింటారే, అదే."

"మరి నువ్వు చేసే పనేంది?" అన్నాడు ఖాసిం సాబ్.

"మంచు కోసం ఏసిన రబ్బరు ఎండకు బీటలిడుస్తాది చిన్నాయనా. ఆ బీటలకు అతుకులేసేది నా పని."

తిప్పన్న ముందుకు వంగాడు. "మంచు సరేనప్పా. వాననన్నా ఆపుతావా, ల్యాదా?"

ఇక దాచి ప్రయోజనం లేదు. అడుగు దాకా చెప్పేశాడు.

"అదీ ఆపల్యా మామా. డకోటాకు ముందర అద్దాలుంటాయి. వాటి సందుల్లో మైనం మాదిరిది కూరాల, వాన లోపలికి రాకుండా. అది గూడా నా పనే. ఎంత కూరినా కారతాది. మూడుసార్లు మొత్తం పీకి మళ్లా కూరినా. ఇంగా జాస్తి కారింది. కెప్టెన్ వానలో పోవాల్నంటే లోపల రెయిన్‌కోటు ఏసుకొని, మోకాళ్ల మీద తువ్వాల కప్పుకొని కూచుంటాడు. దిగినాక పంట్లాం పిండుకుంటా నా కోసం ఎతుకుతాడు. నేను తోక కింద దాక్కోనుంటా. షెడ్డులో నా పేరు ఎవరికీ తెలీదు మామా. అందరూ జరడి అంటారు."

"జరడి అంటే?"

"కన్నడంలో జల్లెడ."

ముందు ఖాసిం సాబ్ భుజాలు కదిలాయి. తర్వాత గడ్డం. చివరికి పెద్దాయన ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తలుపు వెనక నుంచి కూడా ఒక నవ్వు తన్నుకొచ్చి, కొంగు అడ్డం పడి ఆగిపోయింది. రంజాన్ కూడా నవ్వాడు. నాలుగేళ్లు దాచిపెట్టిన మాట బయటపడ్డాక అంత తేలిగ్గా ఉంటుందని అతనికి తెలియదు.

తిప్పన్న నవ్వు మొదలుపెట్టి మధ్యలో ఆగాడు.

"అంటే, నువ్వు ఆపింది కాదా?"

"కాదు మామా."

"నిజంగానే?"

"నీ మీద ఒట్టు."

తిప్పన్న భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పొద్దున్నుంచీ ఒకటే అనుకుంటాంటినప్పా. ఆపింది నువ్వే అయితే, నీ కాళ్లు పట్టుకోనన్నా వదలమని అడుగుదామని. బెంగుళూరికి జాబు రాపిద్దామని గూడా ఎంచినా."

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. ఊరు తన మీద కోపంతో ఉందనుకున్నాడు రంజాన్ ఇంతసేపూ. వీళ్లు తనమీద ఆశ పెట్టుకున్నారు. పెట్టుకోవడానికి మూడేళ్లలో ఒక మనిషి దొరికాడు, ఆ మనిషి కాస్తా జల్లెడని తేలింది. తాను కోసిన కోతలన్నీ నిజమై ఉంటే ఎంత బాగుండేదని అతనికి మొదటిసారి ఏడుపొచ్చినంత పనైంది.

దాదాబీ కుండ బోర్లించి, చేతులు కడుక్కుని లేచింది.

"మూడేండ్లుగా నా గడప తొక్కినోళ్లంతా వాన తెప్పిస్తామన్నోళ్లే. ఒకడు తాయెత్తు అన్నాడు, ఒకడు హోమం అన్నాడు. వాన నా మాట వినదు అని చెప్పినోన్ని నిన్నే చూస్తాండా. పోయి మీ అమ్మను రమ్మను. దినం పెట్టుకుందాం."

ఫాతిమాబీ గాజులు గలగలమని లోపలికి పరుగెత్తాయి. రంజాన్‌కు ఏం చెయ్యాలో తెలియక దాదాబీకి సలాం చేసి, ఖాసిం సాబ్‌కు సలాం చేసి, అదే ఊపులో బోర్లించిన కుండకు కూడా చేసి బయటపడ్డాడు. తల్లి దగ్గరికి పరుగెత్తాల్సిన కాళ్లు గేటు దగ్గర ఆగాయి. తిప్పన్న నడుం పట్టుకుని మెల్లగా వస్తున్నాడు. బయటికొచ్చి తలెత్తి ఆకాశాన్ని చూశాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచిపెట్టినట్టుంది.

"అప్పా రంజానూ, ఒకటి అడుగుతా, ఈసారన్నా కోతలు కొయ్యొద్దు" అన్నాడు. "ఆ మబ్బుల్లో నిజంగా నీళ్లుంటాయా? మూడేండ్లాయ, నాకు నమ్మకం పోతాండాది."

"ఉంటాయి మామా" అన్నాడు రంజాన్. "నా కండ్లారా చూసినా. కెప్టెన్ పంట్లాం పిండితే చెంబెడు వచ్చినాయి."

తిప్పన్న ఆ మాటకు నవ్వలేదు. చెంబెడా అని ఒకసారి, చెంబెడు అని ఇంకోసారి తనలో తాను అనుకుని, చేను వైపు నడిచాడు.